బిల్లులో కనబడని పద్దు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన మిత్రులు కమ్యుటేషను గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి చక్కగా చెప్పారు. వాటి తరువాత మోటారు సైకిలు ఇంజనులో చెత్త తీయడం గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను నిలబెట్టారు. విషయం చిన్నదిగా కనబడవచ్చు. కాని పెన్షను డబ్బులోంచి పదిహేను, ఇరవై వేలు తీసి బండికి ఇంజను పని చేయించి, నెల తిరక్కుండానే మళ్ళీ అదే షాపు ముందు అదే బల్ల మీద కూర్చున్నవారు ఈ హాలులోనే నలుగురున్నారు. పేర్లు చెప్పను. వారిలో ఇద్దరు ఇప్పటికే నవ్వుతున్నారు.

ముందుగా ఒక మనవి. నేను మెకానిక్కును కాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి 2008లో 58 ఏళ్ళు నిండి దిగిపోయిన గుమాస్తాను. అయితే ఆ సర్వీసులో పదకొండేళ్ళు ఒక ప్రభుత్వ వర్క్‌షాపులో స్టోర్సు సీటు చూశాను. జీపులు, రోడ్డు రోలర్లు, పంపుసెట్లు, ఇన్‌స్పెక్షనుకు తిరిగే బుల్లెట్లు అక్కడికి రిపేరుకు వచ్చేవి. కొత్త స్పేరు పార్టు ఇష్యూ చేయాలంటే పాతది తెచ్చి అప్పగించాలని రూలు. ఆ విధంగా అరిగిన బేరింగులు, విరిగిన రింగులు, గీతలు పడిన పిస్టనులు నా బల్ల మీదికి వచ్చేవి. ఒక్కొక్కదానికి చీటీ కట్టి, రిజిస్టరులో రాసి, లోపల పెట్టేవాణ్ణి. పదకొండేళ్ళపాటు చచ్చిపోయిన సామాను చూస్తూ కూర్చుంటే, అది ఎందుకు చచ్చిపోయిందో కొంత తెలియక మానదు.

అక్కడ ఒక పెద్ద మేస్త్రీ గారు ఉండేవారు. ఇంజను ఓవర్‌హాలుకు ఆయన పెట్టే ఇండెంటులో పిస్టను, రింగులు, ప్యాకింగు సెట్టుతోపాటు కిరసనాయిలు పది లీటర్లు, బట్టల సబ్బు రెండు కడ్డీలు, తెల్లగుడ్డ రెండు మీటర్లు తప్పకుండా ఉండేవి. ఒక ఏడాది ఆడిట్ పార్టీ వారు ఆ సబ్బు దగ్గర ఆగిపోయారు. ‘ఇంజను ఓవర్‌హాలునకు బట్టల సబ్బు యొక్క ఆవశ్యకతను వివరించవలెను’ అని హాఫ్ మార్జిన్ రాశారు. సమాధానం రాయవలసినవాణ్ణి నేను. మేస్త్రీ గారిని అడిగితే ఆయన ఏమీ చెప్పకుండా నన్ను షెడ్డులోకి తీసుకువెళ్ళారు. బోరు చేసి, హోనింగు చేసి వచ్చిన సిలిండరు ఒకటి అక్కడ ఉంది. అప్పటికే కిరసనాయిలుతో రెండుసార్లు కడిగి ఆరబెట్టినది. చూడటానికి అద్దంలా ఉంది. తెల్లగుడ్డకు కొంచెం ఇంజనాయిలు రాసి లోపల గట్టిగా తుడవమన్నారు. తుడిచాను. గుడ్డ సీసం పెన్సిలు పొడి అంటినట్లు బూడిదరంగులోకి వచ్చింది. తరువాత ఆయన బకెట్టులో వేడినీళ్ళు పోయించి, సబ్బు రుద్ది, సీసాలు కడిగే బ్రష్షుతో ఆ సిలిండరును ఒక పావుగంట తోమారు. తుడిచి, వెంటనే ఆయిలు రాసి, ఇంకో గుడ్డముక్క నా చేతికిచ్చారు. ఈసారి గుడ్డ తెల్లగానే వచ్చింది.

మరునాడు ఆ రెండు గుడ్డముక్కలను ‘ఎ’ అని, ‘బి’ అని గుర్తుపెట్టి సమాధానానికి జతపరిచి పంపాను. అభ్యంతరం ఉపసంహరించుకున్నారు. నా సర్వీసులో ఇంత తొందరగా డ్రాప్ అయిన ఆడిట్ పేరా మరొకటి లేదు.

దాని వెనుక సంగతి ఇది. కిరసనాయిలు గాని, పెట్రోలు గాని, డీజిలు గాని జిడ్డును కరిగిస్తుంది. రాతిపొడిని కరిగించదు. హోనింగు చేసేటప్పుడు సిలిండరు గోడ మీద సన్నని అడ్డగీతలు కావాలనే పెడతారు, నూనె నిలవడానికి. ఆ రాళ్ళ నుంచి రాలిన పొడి, పోతఇనుము పొడి కలిసి ఆ గీతల్లోనే కూర్చుంటాయి. కిరసనాయిలు పోస్తే జిడ్డు పోయి పొడి మాత్రం అక్కడే మిగులుతుంది. వేడినీళ్ళు, సబ్బు నురుగు, బ్రష్షు కలిస్తేనే అది లేచి బయటికి వస్తుంది. అలా కడగని సిలిండరులో కొత్త రింగులు వేసి తిప్పితే ఏమవుతుంది? రుబ్బురోలులో ఇసుక వేసి తిప్పినట్లే. వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి పొగ మొదలవుతుంది. ‘రింగులు డూప్లికేటువి సార్’ అని జవాబు వస్తుంది. నిజంగా డూప్లికేటు రింగులు లేవని నేను అనను. కాని ఆ పేరుతో ఎన్నో మంచి రింగులు నింద మోశాయి.

ఒక జాగ్రత్త. సబ్బునీళ్ళతో కడిగిన పోతఇనుము నిమిషాల్లో తుప్పు పడుతుంది. కడగగానే తుడిచి, గాలి కొట్టి, ఆయిలు పట్టించాలి. కడిగి ఎండలో ఆరబెట్టి భోజనానికి వెళ్ళే పని కాదిది.

ఇప్పుడు నేటి షాపు బిల్లు చూడండి. పిస్టను సెట్టు ఇంత, బోరింగు చార్జీ ఇంత, ప్యాకింగులు, ఆయిలు సీళ్ళు, బేరింగులు, ఆయిలు, మజూరీ. అన్నీ ఉంటాయి. కడిగినందుకు ఇంత అని ఎక్కడైనా చూశారా? హెడ్ ఆఫ్ అకౌంట్ లేని పనికి పైసా విడుదల కాదని ఆఫీసుల్లో వెంట్రుకలు నెరిసిన మనకు వేరే చెప్పాలా? షాపులోనూ అంతే. ఒక బుల్లెట్ ఇంజను పూర్తిగా విప్పి, రంధ్రం రంధ్రం చూసి కడగడానికి ఒక కుర్రవాడికి నిండుగా ఒక రోజు పడుతుంది. ఆ రోజు కూలి ఎవరూ ఇవ్వరు. కాబట్టి రేకు పళ్ళెంలో పాత పెట్రోలు పోసి, పది నిమిషాలు అటూ ఇటూ ఆడించి, అదే పని అయిందనిపిస్తారు. మెకానిక్కును తిట్టి లాభం లేదు. మనం అడగలేదు, అతను చేయలేదు.

దీని ఖరీదు ఎంతో ఒక ఉదాహరణ చెబుతాను. మన సంఘ సభ్యులు ఒకరు, ఇప్పుడు మన మధ్య లేరు, 1986లో కొన్న బుల్లెట్ 350 ఒకటి వదిలి వెళ్ళారు. మీకు తెలుసు, పాత బుల్లెట్ అంటే పోతఇనుము సిలిండరుది, 346 సి.సి. బండి. 2018లో వారి అబ్బాయి దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాలనుకున్నాడు. అప్పటికే బండి బోరుకొచ్చింది, లోపల ఒక రింగు విరిగింది. ఒక షాపులో ఇచ్చారు. ఏ షాపో ఇక్కడ అప్రస్తుతం. వారు హెడ్డు, బ్లాకు మాత్రం దింపి, 20 థౌ ఓవర్‌సైజుకు బోరు చేయించి, కొత్త పిస్టను వేసి ఇచ్చారు. కింది క్రాంక్ కేసు విప్పలేదు. బండి చక్కగా స్టార్టు అయింది, శబ్దం కూడా బాగుంది. డెబ్బయ్యో కిలోమీటరు దగ్గర, హైవే మీద, ఇంజను పట్టేసింది. ఇంజను పట్టేస్తే వెనక చక్రం కూడా బిగుసుకుపోతుంది. కుర్రవాడు పడ్డాడు. మెడ కింద ఎముక విరిగింది. వెనక లారీ ఏదీ లేదు కనుక మనం ఈ సంగతి ఇంత తాపీగా చెప్పుకుంటున్నాం.

షాపువారు పిస్టను తయారీలో లోపం అన్నారు. ఇంకో పిస్టను తెస్తే మజూరీ సగమే తీసుకుంటామన్నారు. వారి అమ్మగారు ఫ్యామిలీ పెన్షను మీద బతుకుతున్నవారు. పాత పిస్టను, విరిగిన రింగు ముక్కలు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకుని మా ఇంటికి వచ్చారు. ‘అన్నయ్య గారూ, ఆయన మీతో ఇవన్నీ చెప్పుకునేవారు. ఇంకోసారి డబ్బు పెట్టమంటారా, బండి పాత ఇనుముకు ఇచ్చేయమంటారా?’ అని అడిగారు.

నాకు తెలిసిన విద్య స్టాకు వెరిఫికేషను ఒక్కటే. తెల్లకాగితం పరిచి, ఆ రింగు ముక్కలను గుండ్రంగా, విరిగిన అంచుకు విరిగిన అంచు కలిపి పేర్చాను. మూడు ముక్కలు కలిశాయి. నాలుగో చోట చిటికెన వేలి గోరంత ఖాళీ ఉంది. పిస్టను అడుగు అంచున కూడా ఒక పెచ్చు లేదు. రిసీట్లు ఇన్ని, ఇష్యూలు ఇన్ని, బాలెన్సు లేదు. బాలెన్సు లేకపోతే ఎక్కడో ఉండి తీరాలి. పై భాగంలో లేదు, బయటికి పోయే దారి లేదు. అంటే క్రాంక్ కేసులో ఉంది.

మా వీధి చివర ఒక మెకానిక్కు ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళవాడు, తండ్రి దగ్గర పని నేర్చుకున్నాడు. బండి అతని దగ్గరికి చేర్చాం. ‘బాబాయ్ గారూ, కింది ఇంజను విప్పితే ఖర్చు పెరుగుతుంది. అమ్మగారు తట్టుకోగలరా?’ అన్నాడు. ‘ముక్క దొరకకపోతే ఇంకో పిస్టను ఖర్చు, ఇంకో ఆసుపత్రి ఖర్చు. ఏది నయం?’ అన్నాను. కడిగినందుకు విడిగా వెయ్యి రూపాయలు అని కాగితం మీద రాసి, ఆవిడ చేత సంతకం చేయించి ఇచ్చాను. ఇరవై ఏళ్ళ పనిలో ఎవరూ అలా రాసివ్వలేదని అతను నవ్వాడు. మూడు రోజులు స్టూలు వేసుకుని అక్కడే కూర్చున్నాను.

లోపల ఏమి దొరికిందో చెప్పేముందు, ఆ ఇంజనులో నూనె ఎలా తిరుగుతుందో రెండు మాటల్లో చెప్పాలి. పాత బుల్లెట్‌లో ఆయిలు తొట్టి వేరే ఉండదు. క్రాంక్ కేసు పోతలోనే వెనక భాగంలో ఒక గది ఉంటుంది. అదే తొట్టి. చిన్న పంపులు రెండు ఉంటాయి. ఒకటి తొట్టిలో నూనెను తోడి, ఫెల్టు ఫిల్టరు గుండా, తిరిగే క్రాంకు లోపలి సన్నని దారిలోంచి బిగ్ ఎండుకు పంపుతుంది. అక్కడ నుంచి చిమ్మిన నూనెతోనే సిలిండరు గోడ, పిస్టను తడుస్తాయి. కింద పడిన నూనెను రెండో పంపు మళ్ళీ తొట్టికి లాగుతుంది. హెడ్డులోని రాకర్లకు బయట కనబడే సన్నని గొట్టాల్లో నూనె వెళుతుంది. అంటే ఆ క్రాంకులో దారి మూసుకుపోతే బిగ్ ఎండు ఒక్కటే కాదు, పైన పిస్టనుకు కూడా దాహమే.

మొదటి రోజు ఆయిలు దించి తెల్లగుడ్డలో వడకట్టాం. గుడ్డ మీద మిగిలినదాన్ని చదవడం ఒక విద్య. అయస్కాంతం దగ్గర పెడితే అంటుకునేది ఇనుము: రింగులు, బేరింగులు, పళ్ళచక్రాలు. అంటుకోకుండా వెండిలా మెరిసేది అల్యూమినియం: పిస్టను. పచ్చగా మెరిసేది కంచు, ఇత్తడి జాతి: బుష్షులు. నల్లగా, వేళ్ళ మధ్య నలిపితే పొడి అయ్యేది బొగ్గు. నూనె పాలు కలిసినట్లు తెల్లగా ఉంటే నీరు చేరినట్లు. ఇక్కడ ఎక్కువగా వెండి తళుకులే ఉన్నాయి. ఇనుము పొడి కొంత.

తొట్టి అడుగున బెల్లంపాకం ముదిరినట్లు నల్లటి మడ్డి, వేలు మునిగేంత ఉంది. ఏళ్ళ తరబడి ఎవరూ తీయనిది. షాపువారు దాని మీదే కొత్త ఆయిలు పోశారు. ఈ కాలపు ఆయిళ్ళలో మురికిని కడిగే మందులు కలుపుతారు. అవి పాత మడ్డిని కదిలించి ప్రయాణం కట్టిస్తాయి. ఫిల్టరు ఆపవలసిందే, కాని ఫెల్టు చిరిగి ఉంది. క్రాంకు దారిలోకి సిరంజితో ఆయిలు ఎక్కిస్తే రెండో వైపు చుక్క రాలేదు. తిరిగే చక్రంలో బరువైన మురికి అంచుకు విసిరివేయబడి, కొంచెం కొంచెంగా గట్టిపడి, చివరకు దారి మూసేసింది. పాపం, ఆ కొత్త పిస్టను చేసిన నేరం ఏమీ లేదు. దానికి నూనె అందలేదు.

రింగు ముక్క మూడో రోజు సాయంత్రం దొరికింది. ఒక బేరింగు తీసిన తరువాత దాని వెనక గూటిలో, మడ్డిలో కూరుకుని ఉంది. కడిగి, నా కాగితం మీద ఖాళీలో పెట్టాను. సరిగ్గా సరిపోయింది. పిస్టను పెచ్చు నలిగి తళుకులైపోయిందని ఒప్పుకోవలసి వచ్చింది.

ఈ మొత్తం పని తీరులో మీకు పనికివచ్చే సంగతులు కొన్ని చెబుతాను. వరుసగా లేకపోయినా మన్నించాలి.

విప్పకముందే ఇంజనును బయట శుభ్రంగా కడిగించండి. సగం చెత్త బయటి నుంచే లోపలికి పడుతుంది. బ్లాకు ఎత్తగానే కింది నోట్లో శుభ్రమైన గుడ్డ ఒకటి కుక్కాలి. పిస్టను పిన్ను దగ్గర సర్‌క్లిప్ అని చిన్న తీగ ఉంటుంది. తీసేటప్పుడు అది మిడతలా ఎగురుతుంది. గుడ్డ లేకపోతే సరాసరి క్రాంక్ కేసులోకే దూకుతుంది. ఆ గుడ్డ కూడా ఒకే ముక్క అయి ఉండాలి. దారాలు రాలే బనీను వేస్టు పనికిరాదు. ఆపరేషను థియేటరులో గుడ్డలు లెక్కపెట్టినట్లు పెట్టినవి, తీసినవి లెక్కపెట్టాలి.

క్రాంక్ కేసు రెండు చెక్కలూ విడదీశాక బేరింగులు, పంపులు, ప్లగ్గులు అన్నీ తీసి కడగాలి. ఒక్క పంపు ఉంచేసినా అందులోని మురికి అందులోనే ఉంటుంది. పంపు డిస్కులు నున్నటి ముఖాల మీద స్ప్రింగు ఒత్తిడితో ఆనుకుని తిరుగుతాయి. వాటి మీద ఒక ఇసుకరేణువు గీత పెడితే చాలు, పంపు బలం తగ్గిపోతుంది. ఇక నూనె దారులు. కంప్రెసరు గాలి కొట్టడం మంచిదే, కాని ఒక వైపు నుంచే కొడితే మురికి ఇంకో మూలకు పోయి నక్కుతుంది. ముందు బ్రష్షు, తరువాత సిరంజితో డీజిలు, తరువాత రెండు వైపుల నుంచీ గాలి, చివర సిరంజితో శుభ్రమైన ఆయిలు. ఆ ఆయిలు రెండో చివర తేటగా, ఆగకుండా రావాలి. నేను అడిగే ఋజువు అదొక్కటే. ముఖ్యంగా ఫిల్టరు దాటిన తరువాతి దారి. అక్కడ మిగిలిన చెత్తను ఆపేవారు ఇక ఎవరూ లేరు, నేరుగా బిగ్ ఎండులోకే.

సిలిండరు పక్కన పుష్ రాడ్లు పోయే సొరంగం ఉంటుంది. బోరు చేసిన పొడి అందులో కూడా పడుతుంది. అందరూ నడిమి బోరు కడిగి దాన్ని మరచిపోతారు. హెడ్డులో నూనె దిగేది ఆ సొరంగంలోంచే. మొదటి కిక్కుకే ఆ పొడి టైమింగు చక్రాల మీదికి వస్తుంది. అలాగే వాల్వులు గ్రైండింగు పేస్టుతో నూరాక ఆ పేస్టు గైడుల్లో మిగలకూడదు. అది కూడా రాతిపొడే. ప్యాకింగు పేస్టు చేతికి వచ్చిందే తడవుగా దట్టంగా పూసేవారున్నారు. బయటికి పొంగినంత లోపలికీ పొంగుతుంది. ఆ తీగలు తెగి పంపు నోటికి అడ్డం పడతాయి.

డబ్బాలోంచి తీసిన కొత్త సామానును కూడా కడగాలి. కొత్తది కదా అని నమ్మవద్దు. మన ట్రాన్స్‌ఫరు కేసుల్లో ‘చార్జి పూర్తిగా స్వీకరించాను’ అని చూడకుండా సంతకం పెట్టినట్లు ఉంటుంది.

కాస్టిక్ సోడాలో ఇనుప సామాను ఉడకబెట్టి బొగ్గు వదిలించడం పాత అలవాటు. అల్యూమినియం సామాను అందులో వేయకూడదు. సోడా దాన్ని తినేస్తుంది. క్రాంక్ కేసు, బుల్లెట్ హెడ్డు, పిస్టను అల్యూమినియమే.

ఈ మధ్య ఒక కొత్త సరదా వచ్చింది. ఇంజను కేసులు కొత్తవిలా తెల్లగా మెరవాలని ఇసుకతో గాని, సన్నని గాజు పూసలతో గాని బ్లాస్టింగు చేయిస్తున్నారు. ఫ్రేముకు, మడ్‌గార్డుకు నాకు అభ్యంతరం లేదు. ఇంజను కేసుకు మాత్రం ఖచ్చితంగా వద్దంటాను. ఆ పూసలు మర రంధ్రాల్లో, నూనె దారుల్లో దాక్కుని ఎన్నిసార్లు కడిగినా నాలుగైదు మిగులుతాయి. పైన పెళ్ళికొడుకు, లోపల గాజుపెంకులు. మనవలు పట్టుబడితే, రంధ్రాలన్నీ మూయించి బయటివైపు మాత్రమే చేయించి, తరువాత రెండింతలు కడిగించండి. అంతకంటే బ్రష్షు, డీజిలు మేలు.

పెట్రోలుతో కడగవద్దని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. ఇంటి వరండాలో, గ్యాసు పొయ్యికి నాలుగడుగుల దూరంలో పెట్రోలు పళ్ళెం పెట్టుకున్న మహానుభావులను చూశాను. రేషను కిరసనాయిలు రోజులు పోయాయి కనుక డీజిలు వాడండి.

సభ్యుల్లో ఎక్కువమందికి బుల్లెట్లు లేవని నాకు తెలుసు. సి.డి. 100, స్ప్లెండరు ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోండి. వాటిలో కాగితం ఫిల్టరు ఉండదు. క్రాంకు కుడి చివర, క్లచ్చు కవరు వెనక, గుండ్రటి డబ్బా లాంటిది తిరుగుతుంటుంది. తిరిగే వేగానికి మురికి దాని అంచుకు అంటుకుని నూనె శుభ్రపడుతుంది. అడుగున ఒక జల్లెడ కూడా ఉంటుంది. ఆ డబ్బా మూత మూడు స్క్రూలు. ఇరవై ఏళ్ళ బండిలో ఒక్కసారి కూడా ఆ మూత తీయనివి ఎన్నో. తీస్తే లోపల నల్లని బంకమట్టి, వత్తి పెట్టినట్లు. పిస్టను మార్చి ఆ డబ్బా కడగకపోతే సగం పని వదిలేసినట్లే.

రాజ్‌దూత్, పాత యెజ్డీ, ఆర్.ఎక్స్. 100 వంటి టూ స్ట్రోకు బండ్లలో నూనె తిరగదు. పెట్రోలుతో కలిసి వచ్చి క్రాంకును తడిపి, పక్క దారుల్లోంచి పైకి సిలిండరులోకి పోతుంది. అంటే కింద పడిన ముక్క కింద ఉండదు, గాలితోపాటు పైకి వచ్చి కొత్త పిస్టనును గీరుతుంది. వాటిలో రింగు విరిగినా, సర్‌క్లిప్ జారినా కింది ఇంజను విప్పకుండా బ్లాకు పని మాత్రమే చేయించడం డబ్బు కాలువలో పారవేయడమే. విప్పడానికి మెకానిక్కు ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకోండి.

బిగించిన తరువాత సంగతి. తొట్టిలో కొత్త ఆయిలు పోసి, ప్లగ్గు తీసి, కిక్కు రాడ్డుతో నెమ్మదిగా తిప్పుతూ నూనె పంపు ఎక్కేదాకా ఆగాలి. స్టార్టు చేశాక బుల్లెట్‌లో రాకరు గొట్టం బోల్టు ఒక చుట్టు సడలించి చూస్తే నూనె ఊరుతూ కనబడాలి. కనబడకపోతే వెంటనే ఆపాలి. మొదటి నూనె వంద కిలోమీటర్లకే దించెయ్యమంటాను. దుబారా అంటారు కొందరు. ఎంత బాగా కడిగినా కొత్త రింగులు పదునెక్కేటప్పుడు కొంత పొడి రాలుతుంది. అది నూనెతోపాటు బయటికి పోవాలి. దించిన నూనెను మళ్ళీ తెల్లగుడ్డలో వడకట్టి చూడండి. మళ్ళీ అయిదు వందలకు ఒకసారి. ఫిల్టరు కూడా రెండుసార్లూ మార్చాలి. ఫెల్టును కడిగి మళ్ళీ వేయడం పిసినారితనం.

నడిపేటప్పుడు ఇంజను బిగుస్తున్నట్లు, లాగుతున్నట్లు అనిపిస్తే ఆలోచించకుండా క్లచ్చు పట్టెయ్యాలి. చక్రం వదులవుతుంది, పక్కకు తీసుకోవచ్చు. మీ పిల్లలకు, మనవలకు ఈ ఒక్క మాట ఈ రాత్రే చెప్పండి. ఇంజను పని జరిగిన బండి మీద మొదటి వంద కిలోమీటర్లు ఎడమ చేతి రెండు వేళ్ళు క్లచ్చు మీదే ఉండాలని మా మేస్త్రీ గారు డ్రైవర్లకు చెప్పేవారు.

ఖర్చు సంగతి అడుగుతారు కనుక చెబుతున్నాను. షాపుకు వెళ్ళినప్పుడు ఎస్టిమేటు కాగితం మీద మీ చేత్తోనే ఒక పద్దు రాయండి: ‘విడదీసి, నూనె దారులతో సహా కడిగినందుకు’ అని, ఎదురుగా ఒక అంకె. బేరమాడవద్దు. పిస్టను ధర దగ్గర ఆడండి, ఇక్కడ మాత్రం వద్దు. బిగించకముందు నాకు ఫోను చెయ్యి, వచ్చి చూస్తాను అనండి. వెళ్ళి ఒక తెల్లగుడ్డ, ఒక సిరంజి అడగండి. అంతకంటే మీరేమీ తెలిసినవారు కానక్కరలేదు. పాత సామాను మొత్తం, విరిగిన ముక్కలతో సహా, సంచిలో వేయించి తీసుకోండి. అది మీ సొత్తు. మా స్టోర్సులో రూలు ఉండేది, ఇక్కడ మనమే పెట్టుకోవాలి.

వెనక వరుసలోంచి ఒక సోదరుడు చేతక్ స్కూటరు సంగతేమిటని చీటీ పంపారు. పాత చేతకే అనుకుంటాను, ఇప్పుడు వస్తున్న కరెంటు చేతక్ కాదు. అందులో విప్పడానికి ఇంజను లేదు! పాతది టూ స్ట్రోకుదైతే రాజ్‌దూత్‌కు చెప్పినదే దానికీ వర్తిస్తుంది. ఒకటి అదనం: దాని సైలెన్సరులో బొగ్గు పేరుకుని ఉంటుంది. ఇంజను చేయించి సైలెన్సరు అలాగే బిగిస్తే ఊపిరాడక వేడెక్కుతుంది. సిలిండరులో పొగ బయటికి పోయే కిటికీ అంచున కూడా బొగ్గు గీకించండి. గీకేటప్పుడు పిస్టను దాన్ని మూసి ఉండాలి, పెచ్చులు లోపల పడకుండా.

టీ వచ్చిందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. మిగిలిన చీటీలకు టీ దగ్గర జవాబు చెబుతాను.